ఆవ పెట్టిన ఆదివారం

మాఘమాసం, ఆదివారం. రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున లేచేసరికి కాలవ గట్టు కూడా కనపడనంత మంచు. మామయ్యగారు అప్పటికే శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చున్నారు. జ్వరం తగ్గి పది రోజులైనా ఆయనకి నోరు బాగుపడలేదు. ఏం పెట్టినా "చప్పగా ఉందమ్మాయ్" అని నాలుగు ముద్దలకే చెయ్యి కడిగేసుకుంటున్నారు. అలాంటిది నిన్న రాత్రి తనంతట తానే "కందా బచ్చలీ తిని ఎన్నాళ్లయిందో" అన్నారు. ఇక నాకు ఎప్పుడు తెల్లారుతుందా అనే ఉంది.

కంద మా పెరట్లోదే. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం, పాత నాటు కందలా గొంతు పట్టెయ్యదు. అయినా అలవాటు మానలేదు. చేతులకి నూనె రాసుకునే చెక్కు తీశాను. ముక్కల్ని బియ్యం కడిగిన నీళ్లలో కడిగి, పసుపు వేసి ఉడకబెట్టి, సగం ఉడికాక చింతపండు పులుసు పోశాను. కందలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, దురద వాటివల్లే. పులుపు తగిలితే ఆ దురద తగ్గుతుంది. అత్తయ్యగారు ఈ పేర్లేవీ చెప్పలేదు గానీ, నేను కాపరానికి వచ్చిన కొత్తలోనే "పులుపు తగలకుండా కంద దించకమ్మా" అన్నారు. బచ్చలి మా ఆయన దడి మీదనుంచి కోసుకొచ్చారు. ఆకులు కాడలతో సహా తరిగి వేస్తే క్షణంలో మగ్గిపోయింది. అప్పుడు పప్పుగుత్తితో రెండంటే రెండు తిప్పులు. అక్కడక్కడా ముక్క పంటికి తగలాలి.

అసలు పని ఆవ దగ్గర. చెంచాన్నర ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు ముందే నానబెట్టి ఉంచాను. అత్తయ్యగారి సన్నికల్లు కడిగి, పొత్రం పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మాయి వచ్చి, "మిక్సీలో వేస్తే ఒక్క నిమిషం కదమ్మా" అంది. మిక్సీ నేనూ వాడతాను, దాని మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఇంత కొంచెం ముద్ద అందులో గోడలకి అంటుకుపోతుంది, గింజ సరిగా నలగదు. "వాసన చూడు" అని ఒక పొడి గింజ దాని చేతిలో పెట్టాను. ఏ వాసనా లేదంది. నీళ్లు చిలకరించి నాలుగుసార్లు నూరి మళ్లీ చూడమన్నాను. ముక్కు పట్టుకుని వెనక్కి జరిగింది. ఆవగింజ లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు గింజ నలిగి, తడి తగిలాకే కలుస్తాయి, అప్పుడే ఆ ఘాటు పుడుతుంది. అందుకే ఎప్పటికప్పుడు నూరుకోవాలి. మసాలా పొడుల ప్యాకెట్లు ఎన్ని కొన్నా నాకు ఈ రుచి రాలేదు.

పోయిన నెల బడికి టైమైపోతోందని, కూర పొయ్యి మీద ఉండగానే ఆవ కలిపేశాను. ఘాటంతా ఆవిరితో పోయి చేదు మిగిలింది. పిల్ల డబ్బా అలాగే తిరిగి తెచ్చింది, నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు. ఇవాళ పప్పునూనెలో ఇంగువ, సెనగపప్పు, మినప్పప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, కూర దించి, గిన్నె పట్టుకుంటే చెయ్యి కాలనంతగా చల్లారాక ఆవ ముద్ద కలిపాను. పైన ఒక చెంచా పచ్చి పప్పునూనె. గంటన్నర మూత తియ్యలేదు. ఆవ ఊరాలి.

బియ్యం మా చేలో పండిన స్వర్ణ, మార్టేరు వరి పరిశోధన స్థానం వాళ్ల 7029 రకం. తవుడు పూర్తిగా పోకుండా మిల్లులో ఒక్క పట్టుతో ఆపించి తెచ్చుకుంటాం. అరగంట నానబెట్టి, నీళ్లు కాస్త ఎక్కువ పోస్తే చాలు.

మామయ్యగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. నాకు టెన్షన్. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు తుడుచుకున్నారు. "నషాళానికి అంటిందమ్మాయ్" అని నవ్వారు. పది రోజుల తర్వాత ఆయన నవ్వు చూశాను. "ఇంకాస్త వెయ్యి" అని ఆయనే కంచం ముందుకి జరిపారు. నేను వంటింట్లోకి వెళ్లి ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయాను.

సాయంత్రం దిబ్బరొట్టె. మినుములూ మావే. వరి కోసే ముందే చేలో చల్లేస్తాం, కోత అయ్యాక దుబ్బుల మధ్య ఆ మిగిలిన తడితోనే ఎదుగుతాయి. పొట్టు పూర్తిగా కడగకుండా రుబ్బి, బియ్యం రవ్వ కలిపి, మందపాటి మూకుడులో సన్నటి సెగ మీద అరగంట ఉంచాను. అడుగున ఎర్రగా కట్టిన పెచ్చు కోసం తండ్రీ కూతుళ్లు వాదించుకుంటుంటే, మామయ్యగారు దాన్ని తుంచుకుని చెరకు పానకంలో ముంచుకున్నారు.

పడుకోబోతూ నన్ను పిలిచి, "కంద అంతా వండేశావా?" అని అడిగారు. ఇంకా మూడు దుంపలున్నాయన్నాను. "చిన్నది ఒకటి ముట్టుకోకు. వేసవి వెళ్లేలోగా నేనే పాతుతాను" అన్నారు.

ఆ దుంపని కొట్టుగదిలో పొడి ఇసక మీద పెట్టి వచ్చాను.