లిస్బన్ నుంచి హెల్సింకీ: పొద్దు మింగిన విమానం

లిస్బన్ గురించి రాయను. ఆ గుట్టలు, పసుపు ట్రాములు అందరూ రాసేశారు. ఆఫీసు పని ముగిశాక ఫిన్లండ్ రాజధాని హెల్సింకీ పక్కనే ఎస్పోలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోదామని హెల్సింకీకి టికెట్ తీశాను. పొద్దున పదకొండింటికి ఎక్కితే సాయంత్రం ఐదున్నరకి దిగడం. యూరప్ దాటకుండా ఆరున్నర గంటలా అని ఉసూరుమన్నాను. అందులో రెండు గంటలు గడియారాల తేడాయేలెండి. గాల్లో ఉండేది నాలుగున్నర. వెనక్కి వచ్చేటప్పుడు పడమటి గాలి ఎదురు కొడుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ.

మనవాళ్లకి యూరప్ అంటే పది రోజుల్లో ఏడు దేశాలు చుట్టేసే ప్యాకేజీ. కానీ అట్లాంటిక్ ఒడ్డునున్న లిస్బన్ నుంచి బాల్టిక్ ఒడ్డునున్న హెల్సింకీకి గీత గీస్తే 3,300 కిలోమీటర్ల పైమాటే! రైల్లో పోదామంటే పొరుగునున్న మాడ్రిడ్‌కే నేరుగా బండి లేదు. 2020లో కరోనాకి ఆపేసిన రాత్రి రైలు మళ్లీ పట్టాలెక్కలేదు. మన హిమసాగర్ ఎక్స్‌ప్రెస్ గుర్తొచ్చింది. కన్యాకుమారిలో ఎక్కినవాడు విజయవాడ, వరంగల్ చూసుకుంటూ అదే బెర్తు మీద జమ్మూ దాకా పోతాడు, ఎంత ఆలస్యమైనా.

విమానంలో మంచినీళ్లు కూడా కొనుక్కోవాలి. ఎండిన శాండ్‌విచ్ ధర చూసి పక్కకి పెట్టేశాను. పక్క సీటు ఫిన్లండ్ పెద్దాయన మాత్రం సంచిలోంచి ఇంటి రొట్టె తీసి తాపీగా తిన్నారు. రెండు గంటలపాటు ఒక్క మాట లేదు. మన దగ్గరైతే ఈపాటికి ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, జీతమెంత అన్నీ తేలిపోయేవి.

బిస్కే అఖాతం మీద ఎండ కళ్లు పొడిచింది. డెన్మార్క్ దగ్గరికొచ్చేసరికి ఎర్రబడింది. స్వీడన్ మీద చీకటి. తిన్నగా మధ్యాహ్నంలోంచి రాత్రిలోకి పడ్డాం, సాయంత్రం అనేదే లేకుండా. డిసెంబరులో హెల్సింకీలో మూడుంపావుకే పొద్దుగుంకుతుంది. మేం దిగేసరికి లిస్బన్‌లో ఇంకా దాదాపు రెండు గంటల పొద్దు ఉంది! సగం పగలు టికెట్‌తో పాటు కట్టేసినట్టు ఒళ్లు మండింది.

అప్పుడు పెద్దాయన నోరు విప్పారు. "చలికాలమంతా దక్షిణ పోర్చుగల్‌లోనే ఉంటాను. ఈసారి మనవడి పెళ్లని వస్తున్నా."

"ఇల్లు హెల్సింకీలోనేనా?"

"కాదు, ఉత్తరాన రొవానియెమిలో. ఈ రాత్రి రైలెక్కితే రేప్పొద్దునకి చేరతాను."

నేను చేరిపోయాం హమ్మయ్య అనుకుంటుంటే ఆయనకి ఇంకో రాత్రంతా ప్రయాణం, ఇదే దేశంలో.

రెండు దేశాలూ షెంగెన్‌లోవే, అంటే సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల్లోవే కాబట్టి పాస్‌పోర్టు ఎవరూ అడగలేదు. బయటికి రాగానే చలి చెవులు కోసింది. ఎయిర్‌పోర్టు కిందే లోకల్ రైలు. నాలుగు యూరోల పైచిలుకు టికెట్ కొంటుంటే, తనకి నగరంలోకి వెళ్లే పని లేదన్నారు పెద్దాయన. రాత్రి రైలు దారిలోని టిక్కురిలా స్టేషన్లో కూడా ఆగుతుందట, అక్కడ ఎక్కితే చాలట. లోకల్ రైలు టిక్కురిలాలో ఆగగానే తల ఊపి దిగిపోయారు. నేను చెల్లెలికి ఫోన్ చేసి అన్నం వండమన్నాను.