అన్నీ ముట్లు ఆగినందుకేనా?

ముట్లు ఆగిపోయిన ఆడమనిషి ఏ బాధ చెప్పుకున్నా "ఆ వయసులో అంతేలే" అంటారు. నాకు 49 ఏళ్లు, ముట్లు ఆగి ఏడాది దాటింది. నిద్ర లేస్తూనే అలసట, బిందె ఎత్తే ఓపిక కూడా ఉండేది కాదు. పైగా మాది మునుగోడు వైపు. చేతులు బాగాలేవంటే ఇక్కడ ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అంటారు. మా అత్తమ్మ తరం ఆ నీళ్లకు నిజంగానే నడుములు వంగిపోయి బతికింది. నాది నొప్పి కాదు, తిమ్మిరి.

నేను జాకెట్లు కుడతాను. హుక్కులు కుట్టేటప్పుడు సూది వేళ్ల మధ్య ఉందో జారిందో కళ్లతో చూస్తే తప్ప తెలిసేది కాదు. అర్ధరాత్రి చెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చేది, విదిలిస్తే కాస్త నయం. గురక సంగతి మా యారాలు చెప్పింది, ఒక పెళ్లిలో ఇద్దరం ఒకే గదిలో పడుకున్నప్పుడు. "అక్కా, గురక పెట్టుకుంట పెట్టుకుంటనే నీకు ఊపిరి ఆగుతుంది. భయమై తట్టి లేపిన."

అంతకుముందు చూపించిన చోట కాల్షియం మాత్రలు రాసి, టెన్షన్ పెట్టుకోవద్దని పంపించారు. నల్లగొండలో డాక్టరమ్మ మాత్రం మూడు బాధలూ కలిపి విన్నారు. "తిమ్మిరి ఏ వేళ్లకమ్మా?" అని అడిగారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. చిటికెనవేలికి ఏమీ లేదు. రెండు మణికట్లూ కిందికి వంచి, చేతుల వెనక వైపులు ఒకదానికొకటి ఆనించి ఒక నిమిషం ఉంచమన్నారు. నిమిషం నిండకముందే వేళ్లు జివ్వుమన్నాయి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందట, కార్పల్ టన్నెల్ అంటారు. మలబద్ధకం ఉందా, చలి ఎక్కువా, జుట్టు రాలుతోందా అని కూడా అడిగి రక్తపరీక్షలు రాశారు. హిమోగ్లోబిన్, షుగర్, బి12 బాగానే వచ్చాయి. థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్ సుమారు 4 లోపు ఉండాలి, నాకు మాత్రం 38. అది అంత పెరిగిందంటే థైరాయిడ్ తగ్గినట్టట.

థైరాయిడ్ తగ్గితే ఒళ్లంతా మందగిస్తుందట. మణికట్టులో వాపు చేరి నరాన్ని నొక్కుతుంది, నాలుక, గొంతు ఉబ్బి గాలిదారి ఇరుకవుతుంది. ముట్లు ఆగాక హార్మోన్లు తగ్గడం కూడా గురకకు తోడవుతుందని చెప్పారు. అంటే వయసు మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఆ మాటతోనే ఆపేసి ఉంటే నా థైరాయిడ్ బయటపడేదే కాదు, ఇప్పటికీ నాకు కోపం వచ్చేది అందుకే. నిద్ర పరీక్షలో గంటకు 22 సార్లు ఊపిరికి అడ్డు పడుతోందని తేలింది. 5 లోపు ఉంటే మామూలు.

థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని గంట ఆగి చాయ్ తాగుతున్నా. కాల్షియం మాత్రకు నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. రాత్రిపూట మణికట్టుకు పట్టీ, ముక్కుకు సీపాప్ మిషన్ మాస్కు, గాలిదారి మూసుకుపోకుండా గాలి ఊదుతుంది.

ముందు అలసట పోయింది. తిమ్మిరి మెల్లగా తగ్గింది, ఆపరేషన్ దాకా పోలేదు. మళ్లీ హుక్కులు నేనే కుడుతున్నా. గురక తగ్గింది కానీ పోలేదు. టీఎస్‌హెచ్ నిలకడగా ఉంటే మళ్లీ నిద్ర పరీక్ష చేసి, మిషన్ అక్కర ఉందో లేదో చెబుతామన్నారు.