వెనక సీట్లో గట్టు

"ఒరే, కాళ్ల మధ్యన ఈ గట్టేట్రా?" అంది అమ్మ వెనక నుంచి.

గోపాల్‌పూర్ రోడ్డు మీద ఉన్నాం. భువనేశ్వర్ నుంచి టెస్ట్ డ్రైవ్ బండి తెచ్చిన కుర్రాడు పక్క సీట్లో కూర్చుని ఒడియాలో ఊదరగొడుతున్నాడు. జర్మన్ బండి, పేరెందుకులెండి. 2 లీటర్ల పెట్రోలు, 190 హార్స్‌పవర్. కాలు ఆనిస్తే చాలు, ముందున్న లారీ వెనక్కెళ్లిపోయింది. నాకు మాత్రం పండగే.

ఇంజినే నాలుగు చక్రాలనీ తిప్పాలంటే కింద నుంచి షాఫ్ట్ వెనక్కి పోవాలి కదా, ఆ గట్టు దానికోసమే. అదే చెప్పాను. "ఇచ్ఛాపురం పెళ్లిళ్లకి నాలుగు చక్రాలెందుకురా?" అంది.

నవ్వేశాను గానీ, తర్వాత తట్టింది. పిల్లల సీట్లు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు రెండు పక్కలే ఉన్నాయి. ఇద్దరు పిల్లల్నీ కట్టేస్తే ఆ గట్టు మీద మిగిలేది అమ్మే. మోకాళ్ల నొప్పులావిడ! డిక్కీ 530 లీటర్లట, బియ్యం బస్తాలు ఎన్ని పడతాయో ఆవిడ అప్పుడే లెక్కేసేసింది. అందులో మాత్రం పాసు.

దిగేటప్పుడు కుర్రాడు "మావుసీ, కెమితి లాగిలా?" అన్నాడు, ఎలా ఉంది పిన్నీ అని. "భల లాగిలా", బావుందని అంది అమ్మ, మొహమాటంగా.

బరంపురంలో ఇంటికి రాగానే మా పాత బండి తలుపు తీసి, వెనక సీట్లో కాళ్లు జాపుకుని కాసేపు కూర్చుంది. ఏమీ అనలేదు.

ఆ కుర్రాడు ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు.