ముక్కులో చుక్క
ఎలుకల ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ మీద ప్రయోగాలు చేసే ల్యాబ్‌లో, గుంటూరు మే ఎండల్లో కరెంటు పోతే ముందు చూడాల్సింది ఫ్రిజ్ కాదు, ఎలుకల గది. 22–24 డిగ్రీల దగ్గర నిలకడగా లేకపోతే జంతువు ఒత్తిడికే ప్రయోగం లెక్కలు మారిపోతాయి.

అసలు తంటా ఎలుక ముక్కులో వేసే బ్యాక్టీరియా చుక్క దగ్గరే. 10 మైక్రోలీటర్లయితే చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. ఊపిరితిత్తుల దాకా దిగాలంటే 50 దాకా కావాలి, అదీ మత్తు బాగా పట్టాక, నిటారుగా పట్టుకుని, నెమ్మదిగా. మత్తు చాలకపోతే ఎలుక మింగేస్తుంది, బ్యాక్టీరియా పొట్టలోకి పోతుంది.

ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ తెచ్చే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా మరీ మొండిది అనుకుంటాం గానీ, ఆరోగ్యంగా ఉన్న ఎలుక దాన్ని త్వరగానే తుడిచేస్తుంది. దీర్ఘకాలం నిలవాలంటే అగార్ (జెల్లీ లాంటి పదార్థం) పూసల్లో బిగించి పంపుతారు. పూస పెద్దదైతే శ్వాసనాళమే మూసుకుంటుంది.

చచ్చేదాకా కాచుకు కూర్చోవడం నాకు నచ్చదు. ఒంటి వేడి పడిపోయి, బొచ్చు నిక్కబొడుచుకుని మూల ముడుచుకుందంటే ప్రయోగం అక్కడే ఆపాలి. జంతు ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఫారంలో ఆ గీత ముందే రాసి ఉండాలి.