అరువు లెన్సుతో గాలిపటం వెంట

ఈ సంచిక కోసం కైట్‌బోర్డింగ్ ఆడే మన బ్యాచ్ మిత్రుణ్ణి ఫొటోలు తీసే పని నాకు అప్పగించారు. ఇన్నేళ్లూ నేను తీసినవి సభలూ గ్రూపు ఫొటోలూ కనుక, దూరాన కదిలే మనిషిని పట్టగల లెన్సు నా దగ్గర లేదు. మరొక సహాధ్యాయి తన 100–400 మిల్లీమీటర్ల జూమ్ లెన్సును (అంకె పెరిగేకొద్దీ దూరపుది దగ్గరగా కనిపిస్తుంది) అరువిచ్చాడు.

ఆ ఆటను చూడనివారి కోసం చెబుతున్నాను. కాళ్ల కింద ఒక పలక, నడుముకు ఒక పట్టీ, ఆ పట్టీ కొక్కేనికి తగిలించిన బార్ (చేతులతో పట్టుకునే కడ్డీ), దాని నుంచి ఇరవై మీటర్లు దాటి సాగే తాళ్లు, వాటి చివర పెద్ద గాలిపటం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ క్రీడ తొలిసారిగా చేరింది, పోటీలు ఫ్రాన్స్‌లోని మార్సేయ్ తీరంలో జరిగాయి. అక్కడ జరిగింది వేగపు పందెం. మనవాడికి ఇష్టమైనది నీటి మీది నుంచి గాలిలోకి ఎగరడం.

అరువు లెన్సులో జూమ్ రింగు నా లెన్సులకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. తీరిగ్గా ఫొటో తీసేటప్పుడు ఇది పెద్ద ఇబ్బంది కాదు గాని, మనిషి దూసుకొస్తున్నప్పుడు చేతికి ఆలోచించే వ్యవధి ఉండదు. అందుకే ఆట మొదలుకాకముందే కెమెరా కంటికి ఆనించి, ఎగిరే పక్షుల వెంట దాన్ని తిప్పుతూ, చూడకుండానే రింగు సరైన వైపు తిరిగేదాకా సాధన చేశాను. కొత్త లెన్సు పుచ్చుకున్నవారు చిత్రం పదును కంటే ముందు పరీక్షించవలసినది ఇదేనని నా అభిప్రాయం.

ఫోకస్ సంగతికి వస్తే, మన భౌతికశాస్త్ర ప్రయోగశాలే గుర్తుకొచ్చింది. కొవ్వొత్తిని కుంభాకార కటకానికి దగ్గరగా జరిపేకొద్దీ తెరను మరింత మరింత వెనక్కి జరపవలసి వచ్చేది; ఆ కొలతలను మనం విసుక్కుంటూ పట్టికలో రాసుకునేవాళ్లం. అదే లెక్క ఇక్కడా వర్తిస్తుంది. నాభ్యంతరం 400 మిల్లీమీటర్లు ఉన్న సాధారణ కటకాన్ని తీసుకుంటే, మనిషి 100 మీటర్ల నుంచి 50 మీటర్లకు వచ్చేసరికి ప్రతిబింబం సుమారు 1.6 మిల్లీమీటర్లు జరుగుతుంది. 50 నుంచి 25కు వచ్చేసరికి దానికి రెట్టింపు, అదీ సగం సమయంలోనే. నేటి జూమ్ లెన్సుల లోపలి అమరిక ఇంత సరళంగా ఉండదు గాని, మనిషి దగ్గరయ్యేకొద్దీ ఆటో ఫోకస్ ఎందుకు తడబడుతుందో దీనివల్ల అర్థమవుతుంది. ఫోకస్ వెతికే దూరాన్ని కుదించే, లెన్సు పక్కనున్న మీటను దూరపు హద్దుకు పెట్టి, షట్టరును సెకనులో 2000వ వంతుకు ఉంచి, నీళ్లూ ఆకాశమూ మారినప్పుడల్లా వెలుగు లెక్క తప్పకుండా ఎక్స్‌పోజర్‌ను నేనే స్థిరపరచుకున్నాను.

అయినా అసలు కిటుకు లెన్సులో లేదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాపై (అంటే చిత్రాన్ని పట్టే సెన్సరు 36×24 మిల్లీమీటర్లు ఉన్నది) 400 మిల్లీమీటర్ల దగ్గర, 100 మీటర్ల దూరాన ఫ్రేములో పట్టేది తొమ్మిది మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల ఎత్తు మాత్రమే; మనిషి ఉంటే గాలిపటం ఉండదు. ఎప్పుడు ఎగరబోతాడో చెప్పేది మాత్రం గాలిపటమే. పక్కకు వాలి లాగుతున్న పటాన్ని అతడు నడినెత్తికి తిప్పుతాడు, పలక అంచును నీటిలోకి గట్టిగా నొక్కుతాడు, తాళ్లు బిగుస్తాయి; ఆ తరువాతే పైకి లేస్తాడు. అందుచేత కుడికన్ను వ్యూఫైండర్‌కు ఆనించినా ఎడమకన్ను మూయకూడదు. పటం నడినెత్తికి మళ్లడం ఎడమకంట పడగానే షట్టర్ నొక్కడం మొదలుపెడితే, పలక నీటిని వదిలే క్షణమూ, దాని అంచు నుంచి కారే నీటిధారా చిత్రంలోకి వస్తాయి.

ఇక్కడ అచ్చయిన వాటిలో నాకు నచ్చినది మాత్రం అలా దగ్గరగా తీసినది కాదు. కెమెరాను నిలువుగా తిప్పి 100 మిల్లీమీటర్ల దగ్గర తీస్తే, అదే దూరాన ముప్ఫై ఆరు మీటర్ల ఎత్తు వరకు పడుతుంది. పటమూ తాళ్లూ మనిషీ ఒకే చిత్రంలో ఇమిడాయి. అందులో తన ముఖం ఆవగింజంత ఉందని మనవాడు ఇప్పటికీ నిష్ఠూరమాడుతున్నాడు.