సాయంత్రం టీ మానేశాక

అర్ధరాత్రి రెండింటిదాకా సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడుకోవడం ఏడాదిగా అలవాటైపోయింది. అంతా ఆఫీసు టెన్షనే అనుకున్నా. సాయంత్రం ఆరు దాటాక తాగే రెండు టీల సంగతి తట్టలేదు. టీలో ఉండి నిద్రను చెడగొట్టే కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది మరి!

పొద్దున ఖాళీ కడుపు, పదకొండింటికి క్యాంటీన్ సమోసా. అది చూసి అమ్మ ఊరి నుంచి రాగిపిండి పంపింది. మొదటిరోజు జావ ఉండలు కట్టి సింకు పాలైంది (అమ్మకు చెప్పకండి). ఇప్పుడు పిండిని ముందే చన్నీళ్లలో కలిపి, కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసుకుంటున్నా. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. నాకు తెలిసొచ్చిన లాభం మాత్రం వేరు. పదకొండింటికి పక్క సీటు వాళ్లమీద విసుక్కోవడం తగ్గింది.

టెన్షన్ ఉంది, పోలేదు. నిన్న మాత్రం పన్నెండులోపే నిద్రపట్టింది.