శబరి ఎక్స్‌ప్రెస్‌లో నర్సమ్మ

డిసెంబరులో శబరి ఎక్స్‌ప్రెస్‌కి బెర్తు దొరకడం ఎంత కష్టమో మాల వేసుకున్నవాళ్ళకీ తెలుసు, వేసుకోనివాళ్ళకీ తెలుసు. వెయిటింగ్ లిస్టు కదలకపోతే చివరికి తత్కాల్‌లో ఎక్కువ డబ్బు పోసి ఒంగోలు నుంచి స్లీపర్ కొన్నాను. అమ్మ పోయి ఏడాదైంది. సంవత్సరీకం పూజ తమ ఊరి చర్చిలోనే జరగాలని పిన్ని పట్టుబట్టింది. అమ్మకి జ్ఞానస్నానం జరిగిన ఆ చర్చి కొట్టాయం జిల్లా పాలా దగ్గర ఒక పల్లెలో ఉంది.

పెట్టె నిండా నల్లబట్టల స్వాములే. బెర్తుల కింద ఇరుముళ్ళు, వంటసామాను గోతాలు. కాళ్ళు పెట్టుకునే చోటు లేక మొదట్లో చిరాకేసింది. నా ఎదురు సైడ్ లోయర్‌లో ఒక అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నోట్సు చదువుకుంటోంది.

తిరుపతి దాటాక గొడవ మొదలైంది. మా బేలోనే ఉన్న ఒక పెద్ద గురుస్వామి లేచి కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట, కండువా తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి. ఏదో మాట్లాడుతున్నాడు గానీ పొంతన లేదు. స్వామి పూనాడని ఒక కుర్రస్వామి శరణుఘోష ఎత్తుకున్నాడు. పెట్టె పెట్టెంతా అందుకుంది.

ఆ అమ్మాయి వచ్చి అందరినీ పక్కకి జరగమంది. "స్వామీ, షుగర్ మాత్ర వేసుకున్నారా? అన్నం తిన్నారా?" అని అడిగింది. మలయాళం యాస కలిసిన తెలుగు. జవాబు ఆయన మేనల్లుడు చెప్పాడు. మధ్యాహ్నం భిక్ష ఒక్కటే, రాత్రి తిండి లేదు, మాత్ర మాత్రం మానలేదు. "షుగర్ బాగా పడిపోయింది. పంచదార ఎవరి దగ్గరుంది?" అంది. ప్రసాదం కోసం తెచ్చుకున్న గోతం విప్పి ఇచ్చారు. గ్లాసు నీళ్ళలో మూడు నాలుగు చెంచాలు కలిపి, మింగగలుగుతున్నాడని చూసుకుని, కొద్దికొద్దిగా తాగించింది. పావుగంట ఆగి మళ్ళీ చూసింది. మాట తిన్నబడ్డాక రెండు అరటిపళ్ళు తినిపించింది.

అంతసేపూ ఆమె మణికట్టు వైపే చూస్తున్నాను. గడియారం డయలు లోపలి వైపుకి తిప్పి పెట్టుకుంది. స్వామి నాడి పట్టుకున్నప్పుడు తన చెయ్యి తిప్పనక్కర్లేకుండా సెకన్ల ముల్లు కళ్ళెదుటే ఉంది. మా అమ్మ కూడా అలాగే పెట్టుకునేది. చిన్నప్పుడు జ్వరమొస్తే నా చెయ్యి పట్టుకుని పెదాలు కదుపుతూ లెక్కపెట్టేది. అమ్మ పోయిన రోజు కూడా నాకు ఇంత ఏడుపు రాలేదు. పై బెర్తు ఎక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాను.

అమ్మ 1974లో నర్సింగు ట్రైనింగ్‌కని మా వైపు మిషనాసుపత్రికి వచ్చింది. అప్పటికి కొట్టాయం లైను ఇంకా మీటర్ గేజి, అంటే ఇరుకు పట్టాలది. ఎర్నాకుళంలో ఒకసారి, మద్రాసు సెంట్రల్లో ఇంకోసారి రైలు మారి, తెలుగు ఒక్క ముక్క రాకుండా ఒంగోల్లో దిగింది. మూడెకరాల మెట్ట, నలుగురు ఆడపిల్లలు ఉన్న ఇల్లు. ఈ పనికి చదువుతూనే స్టైపెండు వచ్చేది. కేరళలోనూ ఆ రోజుల్లో పరువుగల ఇళ్ళవాళ్ళు ఆడపిల్లని నర్సింగ్‌కి పంపేవాళ్ళు కాదు. రాత్రి డ్యూటీలు, పరాయి మగవాళ్ళ ఒళ్ళు తుడవడం ఏమిటనేవాళ్ళు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు అమ్మ ట్రైనింగు చివర్లో ఉంది. ఆ తర్వాత వారాల తరబడి ఊళ్ళు తిరిగి టీకాలు వేసింది. తెలుగు నాకు అప్పుడే వచ్చిందిరా అనేది. అదే ఆసుపత్రి ల్యాబులో పనిచేసే నాన్నని చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. ఊరంతటికీ నర్సమ్మ. నైటు డ్యూటీ దిగి వచ్చి, గంజిపెట్టిన తెల్లచీర విప్పకుండానే మాకు టిఫిన్ చేసిపెట్టి, మేం బడికి పోయాక పడుకునేది. ఎన్ని గంటలు పడుకునేదో మేమెవరం ఎప్పుడూ అడగలేదు.

తెల్లారాక ఆ అమ్మాయితో మాట్లాడాను. ఊరు చంగనాశేరి, హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ డ్యూటీ. చదువుకి తెచ్చిన బ్యాంకు అప్పు ఇంకా తీరలేదు. రాత్రి చదువుతున్నది జర్మన్ పాఠాలట, పరీక్ష పాసైతే అక్కడ ఉద్యోగం. "ఉపవాసం సంగతి మీ డాక్టరుకి చెప్పండి స్వామీ, మాత్ర తగ్గిస్తారు" అని గురుస్వామికి మళ్ళీ మళ్ళీ చెప్పింది. తను చంగనాశేరిలో దిగేదాకా ఆయన తనని "తల్లీ" అని తప్ప పిలవలేదని, తర్వాత ఫోనులో చెప్పింది. నేను కొట్టాయంలోనే దిగిపోయాను.

కొట్టాయంలో ఆటో అతను బస్టాండుకి అడిగిన డబ్బుకి ఒంగోల్లో ఊరంతా తిరిగి రావచ్చు. నడిచే వెళ్ళి పాలా బస్సెక్కాను.

పిన్ని ఇంట్లో కప్ప, అంటే మన కర్రపెండలం ఉడికించి, కుడంపులి అనే పులుపు వేసిన చేపలకూర పెట్టింది. పూజ అయ్యాక బీరువాలోంచి ఒక కట్ట తీసింది. అన్నీ మనియార్డరు కూపన్లు. సందేశం రాసే ఆ కాస్త చోటులో అమ్మ చేతి మలయాళం. నాకు చదవడం రాదు. పిన్నే చదివి వినిపించింది. "ఫీజు కట్టు." "అమ్మకి కళ్ళజోడు." "వాన రాకముందే పెంకులు మార్పించు." పిన్ని కూడా ఆ డబ్బుతోనే నర్సింగు చదివి కువైట్ వెళ్ళింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించాక జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా వచ్చి, అక్కడ ఎయిరిండియా విమానం ఎక్కి, ఒక్క చేతిసంచితో ఇల్లు చేరింది. ఆ ఏడాది కూపన్ల మీద మొత్తం పెరిగింది. అప్పుడు నేనింకా బడిలో చదువుతున్నాను. సైకిలు కొనమంటే వచ్చే ఏడాది చూద్దామంది అమ్మ. కారణం మాకు చెప్పలేదు. ఆమెకి అది చెప్పుకోవాల్సిన సంగతిగా తోచి ఉండదు.

పిన్ని ఒంగోలు ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ అమ్మే వెళ్ళేది, అదీ ఏడాది సెలవులన్నీ కూడబెట్టుకుని. "అక్క పనిచేసిన వార్డు చూపిస్తావా?" అని అడిగింది. ఆమెకి డెబ్బై దాటబోతున్నాయి, మోకాళ్ళ నొప్పులు. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తున్నారు గనక, మండల దీక్షల రద్దీ తగ్గాక ఫిబ్రవరి చివరికి లోయర్ బెర్త్ చూస్తున్నాను. వార్డులో ఇప్పుడు మంచాలు మారిపోయాయి గానీ, అమ్మతో కలిసి డ్యూటీ చేసిన ఆయమ్మ ఇంకా ఆ సందులోనే ఉంటుంది. ముందుగా ఆమె దగ్గరికే తీసుకెళ్తాను.